ఖాళీ భుజం

నాన్నా,

ఈ ఉత్తరం టైలరత్తయ్య నీకు చదివి వినిపిస్తుందని తెలుసు. అత్తయ్యా, నవ్వొస్తే నవ్వు గానీ, మధ్యలో ఏదీ దాటేయకు.

నా ఉద్యోగం ఏమిటని నువ్వడిగినప్పుడల్లా "నీళ్ల లెక్కలు" అని తప్పించుకున్నాను. మా ప్రయోగశాలలో మన సందంత వెడల్పున ఒక గాజు కాలువ ఉంది. అందులో నీళ్ల లోతూ వేగమూ కొంచెం కొంచెం పెంచుతూ, మనిషి కాలు ఎప్పుడు జారుతుందో చూస్తాం. నడుముకి తాడు కట్టుకుని మేమే దిగుతాం. వరదొస్తే ఏ వీధిలో ఎవరు నిలబడగలరో ఆ లెక్కల్ని బట్టి కంప్యూటరు ముందే చెబుతుంది. పైకప్పు అద్దాల్లోంచి ఎండ పడితే కాలువంతా ఆకుపచ్చగా వెలుగుతుంది. జారే ముందు ఒక్క క్షణం ఒళ్లు దూదిలా తేలికైపోతుంది. పాదం నేల మీదే ఉంటుంది, నేల మాత్రం మనది కాదు. ఆ క్షణంలో ప్రతిసారీ నేను నీ భుజాల మీద ఉంటాను.

అప్పుడు నాకు ఆరేళ్లు. సందులో నీ నడుం దాకా వరద. నా గుప్పిట్లో నీ తడి జుట్టు, చుట్టూ మట్టి నీళ్లు, తర్వాత మేడమెట్లు, అరుపులు. ఏది ముందో ఏది వెనకో కలలోలా కలిసిపోయాయి. నీ మోకాలు విరిగింది, మూటలు మోసే పని పోయింది. "పిల్లని ఎత్తుకోబట్టే పడ్డాడు" అని ఎవరో అనడం విన్నాను. అప్పటినుంచీ నీ పక్కన నడవను, గమనించావా? రెండడుగులు ముందో, వెనకో ఉంటాను.

పోయిన వారం ఆరేళ్ల పిల్లంత బరువున్న ఇసుక సంచి భుజాల మీద పెట్టుకుని దిగాను. ఇంకా ముందే జారతాననుకున్నాను. జారలేదు. సంచి తీసేయగానే అవే నీళ్లలో జారాను. మూడుసార్లు చేసి చూసినా అంతే.

మరి ఆ రోజు నువ్వెందుకు పడ్డావు నాన్నా? నిజం చెప్పు.

నీ పిచ్చుక

*

పిచ్చుకా,

నేను చెబుతుంటే టైలరమ్మ రాస్తోంది. "మెల్లగా చెప్పన్నా, ఇది కుట్టుమిషను కాదు" అని తిడుతోంది.

ఇంత చదువు చదివి తెలుసుకున్నది ఇదా తల్లీ? మా మూటలవాళ్లలో ఎవర్నడిగినా చెప్పేవాడు. బరువుంటే నీళ్ల నడిమధ్యనే నడుస్తాం. దించేసి తిరిగొచ్చేటప్పుడు గోడ పట్టుకుంటాం. ఖాళీ భుజాన్ని నీళ్లు లెక్కచేయవు.

నువ్వు పైనున్నంతసేపూ నేను కదల్లేదు. నిన్ను మెట్ల మీద దించి చూస్తే ఒక కాలికి బూటు లేదు. సోమవారం నువ్వు బడిలో చేరాలి. మనింట్లోకి వచ్చిన మొదటి బడి బూట్లవి. ఊడిన బూటేమో గోడవారన నీళ్లలో పడవలా తిరుగుతోంది. మళ్లీ దిగాను. గోడ పట్టుకోవలసిన చేత్తో బూటు పట్టుకున్నాను. అంతే, కాలు జారింది. అది పనివాడి తప్పు, నీది కాదు.

పదేళ్లు మూటలు మోసినవాడు బూటు కోసం గోడ వదిలాడంటే మావాళ్లు పగలబడి నవ్వుతారని నోరు మూసుకున్నాను. జనం మాట నీ చెవిన పడిందని తెలీదమ్మా. తెలిస్తే ఆ పూటే చెప్పేవాణ్ణి.

నన్ను బయటికి లాగినప్పుడు కూడా బూటు నా చేతిలోనే ఉంది. ఆ ఏడాదంతా తొడుక్కున్నావు, టకటకమని.

మీ నాన్న

*

నాన్నా,

మా లెక్కల్లో మనుషులంతా ముందుకే నడుస్తున్నారు. వెనక్కి వెళ్లేవాళ్లే లేరు. ఇవాళ ఒకణ్ణి చేర్చాను: బరువు దించి, ఖాళీగా మళ్లీ నీళ్లలోకి దిగేవాడు. అతను పట్టుకోవడానికి సందుల్లో గోడల వెంట ఇనుప కమ్మీలు పెట్టాలని కూడా రాశాను. "ఎవరు చెప్పారు ఇది?" అన్నారు మా పెద్దసారు. "మా నాన్న" అన్నాను. "ఆయనా ఇంజనీరేనా?" అంటే నవ్వేశాను.

ఆదివారం వస్తున్నాను. బజారుదాకా నడిచి వెళ్దాం. గోడ వైపు నువ్వు, ఇటు పక్కన నేను. నీ చెయ్యి నా భుజం మీద వెయ్యి. బరువుగానే వెయ్యి.

నీ పిచ్చుక