బావిలో మిగిలిన కొరమీను

దానియేలూ, మీ అమ్మ బావిలో పెంచిన రెండు కొరమీనుల్లో ఒకదాన్ని చంపింది నువ్వే. మూడు ముళ్ల గాలం వేశావు, అది కడుపులోకి దిగింది.

రెండోదైనా బతకాలి. మధ్యాహ్నం బావి పూడిక తీసేవాళ్లు వచ్చి నీళ్లన్నీ తోడేస్తారు, ఆలోపే దాన్ని పట్టాలి. కంట్రోలు కిరసనాయిలు ఇవ్వాళే ఇస్తారట, అందుకే ఈ చీటీ రాసిపెట్టి నేను నరసరావుపేట పోతున్నాను. చూరులో ఒంటి గాలం పెట్టాను. నోట్లోంచి సులువుగా ఊడేటట్టు ఎదురుముల్లు ఆకురాయితో అరగదీశాను. వానపామును గుచ్చి వెయ్యి. బెండు మునగగానే లాగు, మింగనివ్వకు. చేతులు తడుపుకొని పట్టుకో. కాగులో సగానికే నీళ్లు పొయ్యి, అది పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. మూత మీద రాయి పెట్టు, లేకుంటే దూకుతుంది.

నువ్వు వండిన కూర నేను ముట్టలేదు. "చేపే గదా నాయనా, ఏందీ గోల?" అన్నావు. మీ అమ్మ పోయాక కూడా చేద చప్పుడైతే అవి రెండూ పైకి వచ్చేవి. ఈ మాట నీ దగ్గర ఇక జన్మలో ఎత్తను.