తోలేవాడు అక్కర్లేని బండి

అక్క మాబున్నికి,

దుబాయి నుంచి తమ్ముడు దస్తగిరి సలాం చెప్పి రాసేది. నేను బాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోవద్దు. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావ ఆటో ఇంకా ఆళ్లగడ్డ బస్టాండు దగ్గరే పెడుతున్నాడా? ఫోన్లో నీ గొంతు వింటే ఏడుపొస్తుంది. అందుకే నంద్యాలకు వెళ్తున్న స్నేహితుడి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఇక్కడ ఎండ చెప్పనక్కర్లేదు. జొన్నరొట్టె, ఊరిబిండి కలలోకి వస్తున్నాయి.

టాక్సీ తీసేసి నన్ను కరెంటు బండిలో కూర్చోబెట్టారని చెప్పాను కదా. అది దానంతట అదే పోతుంది. డ్రైవరు సీట్లో కూర్చుని, అది తప్పు చేస్తే తప్ప స్టీరింగు ముట్టకుండా ఉండడమే నా పని. కళ్ళ ముందే స్టీరింగు తిరుగుతుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. బాగానే తోలుతుంది, అబద్ధం చెప్పను. కానీ ఎక్కినవాళ్ళు "ఏ ఊరు నీది?" అని అడగడం మానేశారు. నా గదిలోని డ్రైవర్లు పని పోయి ఒక్కొక్కరే ఊరికి వెళ్ళిపోయారు. మేము టీ తాగే అంగడాయన ఈగలు తోలుకుంటున్నాడు.

నాయన పోయినప్పుడు ఆఫీసులో సెలవడిగితే, "బండి ఇప్పుడే నేర్చుకుంటోంది, నువ్వు కదలడానికి లేదు" అన్నారు. "నీ జాగాలో మీ బావ భుజం పెట్టినాడు నాయనా" అని అమ్మ ఫోన్లో అన్నది. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదక్కా.

మొన్న శుక్రవారం ఖాళీ బండిలో పోతున్నాను. మసీదులోంచి శవాన్ని మోసుకుంటూ ఒక జనాజా వచ్చి, ఎదురుగా ఉన్న ఖబరస్తాన్‌కు రోడ్డు దాటుతోంది. మోసేవాళ్ళంతా మనలాంటి కూలివాళ్ళే. బండి మర్యాదగా ఆగింది. వాళ్ళు దాటగానే కదిలింది. మన ఊళ్ళో జనాజా ఎదురైతే ఎవరైనా బండి ఆపి, దిగి, నాలుగడుగులు భుజం ఇచ్చి కదా పోతారు! నా కాలు బ్రేకు తొక్కేసింది. బండి పక్కన పెట్టి, తలుపైనా వేయకుండా పరిగెత్తాను. ఒక ముసలాయన ఏమీ అడక్కుండా పక్కకు జరిగి చోటిచ్చాడు. ఎవరి బిడ్డో ఏమో. నేను మాత్రం "నాయనా, నాయనా" అని ఏడుస్తూ గోరీ దాకా మోశాను.

మరునాడు ఆఫీసుకు పిలిచారు. బండిలోని కెమెరా అంతా చూపించింది. సూపర్‌వైజరు మన కడపాయనే.

"బండి సక్కంగానే పోతాండె గదప్పా, నువ్వేంటికి దిగితివి?" అన్నాడు.

"జనాజా వచ్చె సార్. దిగకుండా ఎట్ల పోయేది?" అన్నాను.

ఆయన తెర మీద బొమ్మ ఆపేసి, నాకు కుర్చీ జరిపాడు. అయినా నన్ను పనిలోంచి తీసేశారు.

బావ ఇక్కడికి రావాలనుకుంటున్నాడు కదా, ఆటో అమ్మి డ్రైవరు వీసాకు పోవద్దని చెప్పు. నా మాట వినకపోతే ఇదంతా చదివి వినిపించు.

అమ్మకు సలాం. పిల్లలకు ముద్దులు. పెద్దలందరినీ నా కోసం దువా చేయమను. సెలవివ్వని ఆఫీసు ఇప్పుడు టికెట్టు చేతికిచ్చి పొమ్మంది. వచ్చే వారం వస్తున్నాను. బస్సు దిగగానే నన్ను ఇంటికి కాదు, నాయన దగ్గరికి తీసుకుపో అక్కా. ఆయన్ను ఎక్కడ పెట్టారో నాకు తెలియదు.

నీ తమ్ముడు,
దస్తగిరి