తాత గొర్ల కూతలు

ఆదివారం, తాండూరు రూము

భాషాశాస్త్రం చదివేటోళ్లకు కోడింగ్ ఎందుకని గునుసుకుంటనే నేర్చుకున్న. నిన్న నా మొదటి ప్రోగ్రాం నడిచింది. పోయిన ఎండకాలం తాత గొర్లు మేపుకుంట మాట్లాడిందంతా నేను రాసి పెట్టుకున్న ఫైలు మీదనే నడిపిన. నిఘంటువుల లేనియన్నీ మాటలు కావు, చెత్త అని తీసెయ్యమన్న. తీసేసింది. కాపీ పెట్టుకోలె. తాత గొర్లను పిలిచే కూతలన్నీ పోయినయి. ఫోను ఖరాబైనప్పుడే రికార్డింగులు పోయినయి, ఆ ఫైలొక్కటే మిగిలి ఉండె.

పొద్దున బస్సెక్కి బషీరాబాద్ పోయిన. "జర ఇంకొక్కసారి పిలువు తాతా, రాసుకుంట" అన్న. తాత రెండుసార్లు గొంతు సవరించుకుండు. ఖాళీ దొడ్డి దిక్కు చూసిండు. మోకాళ్లు నడవనిస్తలేవని మంద అమ్మి నెలయింది.

"ముంగట గొర్లు లేకుంటే ఎట్లొస్తది బిడ్డా. అవి పక్కోళ్ల చేన్ల పడితేనే నోట్లకెల్లి వస్తుండె."

నా మొఖం చూసి ఆయనకే పాపమనిపించినట్టుంది.

"ఫికర్ చెయ్యకు. అవేమన్న మాటలా?" అన్నడు.

ప్రోగ్రాంల నేను రాసింది గూడ అదే.