మాటకు వేరే దారి

వికారాబాద్,
సోమవారం

ప్రియమైన గిరీష్‌కు,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాయడమేమిటని అనుకోకు. ఆఫీసు ఫోన్ల మీద నాకు నమ్మకం పోయింది. నా సెల్లు కూడా ఆ వైఫై మీదే ఉంటుంది, కనుక దాన్నీ నమ్మడం లేదు. ఈ కవరు ఖుద్దూస్ భాయ్‌కి ఇస్తున్నాను. మా వీధిలోనే ఉంటాడు, రోజూ రైల్లో తాండూరు వచ్చి పోతాడు. నీ జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు.

మీ అక్క జ్యోతి పోయాక, ఇంటి కింద ఆమె నడిపిన ఆఫీసును నేను చూస్తున్నాను. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళు ఫోన్ చేస్తారు. వినాలి, ధైర్యం చెప్పాలి, అవసరమైతే తీసుకొచ్చి ఎవరికీ తెలియని చోట ఉంచాలి. కాలేజీలో పాఠాలు చెప్పుకున్నవాణ్ణి, ఈ పని నాకు ఇంకా రాలేదు. ఫోన్లు ఎత్తేది అంకిత. జ్యోతి దగ్గర పని నేర్చుకున్న పిల్ల.

బొంరాస్‌పేట దగ్గరి పల్లె నుంచి నిరోషా అనే అమ్మాయి ఫోన్ చేసింది. భర్త కొడతాడు. అంగడి రోజున పరిగి బస్టాండుకు వస్తానంది, అంకిత పోయి కలుస్తానంది. ఈ మాట వాళ్ళిద్దరూ ఫోన్లో అనుకున్నదే, ఎక్కడా రాయలేదు. అంకిత పోయేసరికి బస్టాండులో ఆ అమ్మాయి లేదు. భర్త మల్లేశ్వర్, అతని అన్న ఉన్నారు. మల్లేశ్వర్ నవ్వాడట.

"ఎవరి కోసం చూస్తున్నవ్ మేడం? ఆమె ఇంట్ల వంట చేస్తున్నది. మీరు గాడ అనుకున్న మాట మాకు గీడ ముందే తెలుస్తది" అన్నాడట.

అంతకు ముందు ఇలాగే ఇంకొకామె రావలసిన రోజున ఆమెకు బదులు ఆమె మామ వచ్చి మా గేటు దగ్గర కూర్చున్నాడు. అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

నిన్న నిరోషా పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. "చెయ్యి విరిచిండు సార్. ఫోన్ గుంజుకున్నరు. వీలు దొరికినప్పుడు ఇంకొక్కసారి చేస్త. గీసారి గిట్ల తెలిస్తే నన్ను పానంతోని ఉంచరు. వాళ్లకు చెప్పేటోళ్ళు ఎవరు సార్?" అంది. నేను జవాబు చెప్పేలోపే పెట్టేసింది.

ఆమె మళ్ళీ చేస్తుంది. అప్పటికి ఆ లైనులో మేము తప్ప మరెవరూ ఉండకూడదు. ఫోన్లు, కంప్యూటర్లు, వచ్చినవాళ్ళు వాడే వైఫై అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద నడుస్తున్నాయని నువ్వే ఒకసారి అన్నావు. ఎవరైనా అందులో దూరి వింటున్నారా? ఫోన్ల మాటను మిగతావాటి నుంచి విడదీయవచ్చా?

నాకు భయంగా ఉంది గిరీష్. మనిషి కనబడితే భయం తగ్గేదేమో. చివరికి అంకిత మీదా అనుమానం వచ్చింది. పసిగట్టింది. "సార్, నా సెల్లు మీ టేబుల్ మీదనే పెడుత. ఇంటికి పొయ్యేటప్పుడు తీస్కుంట" అని పెట్టేసింది. నేను తల ఎత్తలేకపోయాను.

మీ అమ్మ బాగానే ఉంది. పైన జ్యోతి గదిలోనే ఉంటుంది. అల్లుడినని నా ఎదుటికి రాదు, నీకు తెలిసిందే. అన్నం మెట్ల దగ్గర స్టూలు మీద పెట్టి గిన్నె చప్పుడు చేస్తుంది. ఆమె పైకి పోయాక నేను తీసుకుంటాను.

నీ బావ,
రామచందర్

*

తాండూరు,
బుధవారం

బావకు గిరీష్ నమస్తే చేసి రాసేది.

ఖుద్దూస్ భాయ్ కవరు చేతిల పెట్టి "క్యా మియా, గీ జమానల చిట్టీలేంది?" అని నవ్విండు. చదివినంక నాకు నవ్వు రాలే.

నువ్వు అనుకున్నది కావొచ్చు. అన్నీ ఒక్క నెట్‌వర్క్ మీద ఉంటే, మీ వెయిటింగ్ రూంల కూసున్నోడు ల్యాప్‌టాప్ తెరిచి మీ మాట పట్టుకునే ఉపాయం ఉన్నది. వైఫై పాస్‌వర్డ్ గోడకు అతికించినవ్ చూడు, ముందుగాల అది చింపెయ్.

నేనే వద్దును గాని ఇక్కడ బండల కంపెనీల నెట్‌వర్క్ పని నడుస్తున్నది, ఆదివారం దాక కదలనియ్యరు. అంతదాక ఆగే పని కాదు. నువ్వే చెయ్. పిల్లలకు ఎకనామిక్స్ చెప్పినోనివి, రౌటర్‌కు చెప్పుడు అంతకన్న కష్టం కాదు. అది మధ్యల నిద్రపోదు.

ముందు రౌటర్‌లకు పోయి ఇప్పుడున్నది ఉన్నట్టు కాపీ తీసి పెట్టుకో. తప్పు పోతే మళ్ల వెనక్కి రావొచ్చు. తర్వాత అందులనే రెండు నెట్‌వర్కులు కట్టు. పది నెంబరుది డేటాకు, ఇరవై నెంబరుది మాటకు. తీగెలు కొత్తవి వద్దు. ఒక్క రోడ్డు మీద బస్సులకు ఒక దారి, లారీలకు ఒక దారి గీసినట్టే. టేబుల్ దగ్గర తీగె ముందు ఫోన్‌లకు పోయి, అక్కడ్నించి కంప్యూటర్‌కు పోతది గద, ఆ పోర్టులకు రెండు నెంబర్లూ ఇయ్యి. ఫోన్ ఇరవై తీస్కుంటది, కంప్యూటర్ పది తీస్కుంటది. మిగిలిన పోర్టులు, వైఫై పదిలనే ఉండనియ్యి. ఫోన్లు నడిపే డబ్బాను ఇరవైలకు మార్చు, మాటకు ముందు దారి ఇయ్యమని చెప్పు. ఆఖరుకు రెండింటి నడుమ తలుపు మూసెయ్. డేటా దిక్కు ఉన్నది ఏదీ మాట దిక్కు తొంగి చూడొద్దు.

చేసేటప్పుడు ఫోన్లన్నీ కొద్దిసేపు చచ్చిపోతయి. పరేషాన్ కాకు, వాటంతట అవే లేస్తయి. ఏదన్న లేవకుంటే ఎవరో ఒకరు వచ్చి నా ఫోన్ పని చేస్తలేదని చెప్తరు గద, అప్పుడు చూస్కోవచ్చు.

అమ్మను నా దగ్గరికి పంపియ్యి బావా. అల్లుని ఇంట్ల ఇన్నొద్దులు ఉంటే నలుగురు ఏమంటరు. నేను అడిగితే "జ్యోతి పని ఉన్నది బిడ్డా" అంటది. ఏం పనో నాకైతే సమజ్ కాలే.

అంకితను అనుమానపడకు. అక్క నమ్మిన పిల్ల.

గిరీష్

*

వికారాబాద్,
శుక్రవారం

ప్రియమైన గిరీష్‌కు,

పని నిన్న చేశాను. మధ్యాహ్నం పూట, ఫోన్లు తక్కువ వచ్చే సమయం చూసి. నువ్వు రాసినట్టే చేశాను. చివరి పోర్టు నుంచి ఒక తీగ గోడ వెంట పైకి పోతుంది. ఇంట్లో టీవీ కోసం వేసిందనుకొని దాన్ని డేటాలోనే వదిలేశాను.

మార్పులు సేవ్ చేయగానే ఫోన్ల మీద దీపాలన్నీ ఆరిపోయాయి. గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే.

"సార్, గిప్పుడే చేస్తే?" అంది అంకిత.

"చేయదు" అన్నాను. నాకేం తెలుసు. ఆ కాసేపట్లో నిరోషా ఎవరి ఇంట్లోనో ఫోన్ చెవికి పెట్టుకొని నిలబడి ఉందేమో అనిపించింది. పాత కాపీ మళ్ళీ వేసేద్దామని మౌస్ పట్టుకున్నాను కూడా. అంకిత నా చేతి వైపే చూస్తోంది.

అప్పుడు ఒక్కొక్కటే దీపం వెలిగింది. ఈ గదిలో నుంచి ఆ గదికి చేసి చూసుకున్నాం. "సార్, మీ గొంతు ఇదివరకు నీళ్ల బాయిలకెళ్ళి వచ్చినట్టు ఉండె. గిప్పుడు మనిషి లెక్క ఉన్నది" అంది. చాలా రోజులకు ఇద్దరం నవ్వాం.

ఆ తర్వాత జరిగింది నీకు ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మీ అమ్మ సగం దాకా దిగి గోడ చాటున ఆగింది. చీర అంచు మాత్రం కనబడుతోంది. ఎప్పటిలా నాతో కాకుండా అంకితతో అంది.

"అంకితా, మీ సారుకు చెప్పు. పైన ఫోను పని చేస్తలేదు. దీపం పోయింది."

"పైన ఫోనేంది అమ్మమ్మా?"

"జ్యోతిది. మంచం పక్కది. నేను ఇనేది."

అంకిత నా వైపు చూసింది. ఆ పిల్లే తేరుకొని మెల్లగా అడిగింది.

"మా మాటలు ఇంటవా?"

"దీపం వెలిగితే ఎత్తుత. బిడ్డ మంచాన పడ్డప్పుడు ఇనేది గద, నువ్వు ఎట్ల మాట్లాడుతున్నవో అని. ఇప్పుడు నేను ఇంటున్న. పాపం ఏడుస్తుంటరు."

"ఇని ఏం జేస్తవ్?"

"ఏ ఊరని చెప్తే ఆడ ఎవరో ఒకరు సుట్టం దొరుకుతరు. వాళ్ల పెద్దోళ్లకు ఫోన్ జేస్త. పిల్ల ఇల్లు ఇడిసి పోతున్నదట, మంచిగ చెప్పి, బుదరకిచ్చి తెచ్చుకోండ్రి అని చెప్త. సంసారం నిలబడితే జ్యోతి ఆత్మ సల్లగుంటది."

"నిరోషా వాళ్లకు చెప్పినవా అమ్మమ్మా?"

"దాని అత్త మా పుట్టింటి దిక్కుదే. పరిగి బస్టాండుకు పోయి తోల్కపొండ్రి అన్న. తోల్కపోయిండ్రంట. తర్వాత దాని ఫోన్ నేను ఇనలే, ఆదివారమంత గుడికాడనే ఉంటి. మంచిగున్నదా పిల్ల?"

అంకిత బయటికి వెళ్ళిపోయింది. మీ అమ్మ పైకి పోయింది. సాయంత్రం స్టూలు మీద అన్నం ఉంది. గిన్నె చప్పుడు రోజూలాగే వినిపించింది.

ఆ గదిలో ఫోన్ ఉందని నాకు తెలియదు. జ్యోతి ఉన్నప్పుడు ఆఫీసు పని నాది కాదు. ఆమె పోయాక ఆ గది మీ అమ్మది. అత్తగారు కూర్చున్న గదిలోకి నేను పోను.

ఎవడో దొంగ అయ్యుంటే బాగుండేది గిరీష్. ఇప్పుడు నాకు ఇంకా ఎక్కువ భయంగా ఉంది. ఆమె చేతిలో సెల్లు ఉంది. నిరోషా ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. నేనేం చేయాలో చెప్పు.

రామచందర్

*

తాండూరు,
శుక్రవారం సాయంత్రం

బావా,

ఆ ఫోన్ పెట్టింది నేనే. అక్క అడిగితే, ఆమె ఇంటున్నట్టు కింద తెలవకుండ ఉండేటట్టు పెట్టిచ్చిన. అక్క పోయినంక తీసెయ్యాలె. ఆ గదిలకు రాబుద్ధి కాక వదిలేసిన, మొన్న నీకు రాసేటప్పుడు యాదికి రాలే.

అమ్మకు ఏం చెప్పకు. ఆ పిల్ల చెయ్యి సంగతి తెలిస్తే అమ్మ తట్టుకోదు, బీపీ మనిషి. ఆదివారం పొద్దుగూకేలోపు నేను వచ్చి ఏదో ఒకటి చెప్పి తీస్కపోత. అంతదాక ఆమె సెల్లు చెడిపోయిందని చెప్పి నీ దగ్గర పెట్టుకో.

సంజనకు కూడ చెప్పలే. నా పెండ్లానికి నా తల్లి గురించి గిట్ల ఎట్ల చెప్పాలె.

కోపం చెయ్యకు బావా.

గిరీష్

*

వికారాబాద్ రైల్వే స్టేషన్,
ఆదివారం

గిరీష్,

ఈ కవరు నీకు ఇచ్చింది ఖుద్దూస్ భాయ్ కాదు, మీ అమ్మ. పక్కనున్న అమ్మాయి నిరోషా. ముందు ఇద్దరినీ లోపలికి రానిచ్చి తలుపు వేయి. తర్వాత ఇది చదువు. నువ్వు వికారాబాద్‌కు బయలుదేరకుండా ఆపమని ఖుద్దూస్ భాయ్‌తో ఫోన్ చేయించాను, కారణం చెప్పలేదు.

నీ మాట నేను వినలేదు. నిన్న పొద్దున నీ ఉత్తరం అందగానే పైకి పోయాను. గడప బయట నిలబడ్డాను. అమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది.

"అత్తమ్మా, ఆ పిల్ల చెయ్యి విరిచారు. మీరు ఫోన్ చేసిన రోజే" అన్నాను.

"ఏ చెయ్యి?" అంది.

"కుడి చెయ్యి."

తన సెల్లు తెచ్చి గడప మీద పెట్టి మళ్ళీ గోడ వైపు తిరిగింది.

మధ్యాహ్నం స్టూలు మీద అన్నం లేదు. పిలిచాను. పలకలేదు. గది ఖాళీ. అంకిత, నేను బస్టాండంతా తిరిగాం. సెల్లు నా దగ్గరే ఉంది, ఆమెకు ఫోన్ చేసే దారి లేదు. నీకు చెప్పాలంటే ఏమని చెప్పాలి. రాత్రంతా నా బుర్రలోకి రాని చెడు లేదు.

ఈరోజు మధ్యాహ్నం ఆఫీసు ఫోన్ మోగింది. అమ్మ. ఇక్కడి స్టేషన్ దగ్గర ఎవరి సెల్లో అడిగి తీసుకుందట. "అంకితా, మీ సారును టేసన్‌కు రమ్మను. నిరోషా నా పక్కన ఉన్నది" అంది.

మీ అమ్మ నేరుగా వాళ్ళింటికే పోయింది. ముందే కబురు చెప్పిన మనిషి కదా, నిరోషా అత్త ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చిందట. రాత్రి అక్కడే అన్నం తిని పడుకుంది. పొద్దున, "నీ కోడలిని అనంతగిరి గుట్టకు తోల్కపోత. మళ్ల ఇల్లు దాటనని పద్మనాభస్వామి ముందు ప్రమాణం చేపిచ్చి సాయంత్రానికి తెస్త" అంది. వాళ్ళకు అంతకంటే ఏం కావాలి. మల్లేశ్వర్ తానూ వస్తానన్నాడట. "మొగోడు పక్కనుంటే భయానికి చేసినట్టయితది. అసుంటి ప్రమాణం నిలబడదు" అందట. వాడే ఇద్దరినీ బస్సెక్కించాడు. కిటికీలో నుంచి అరటిపండ్లు కూడా ఇచ్చాడు.

ఇదంతా నిరోషా చెప్పింది. నిన్న రాత్రి అమ్మను ఆ ఇంట్లో చూసి, తన మీద ఇంకొక కాపలా వచ్చిందనుకుందట. బస్సు పరిగి దాటేదాకా అమ్మ నోరు విప్పలేదు. దాటాక, "నీ మాట చెప్పింది నేనే బిడ్డా" అందట. నిరోషా కిటికీ వైపు తిరిగింది. ఇప్పుడూ ఇద్దరూ బెంచీకి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చున్నారు.

సాయంత్రం దాటితే మల్లేశ్వర్ వెతుక్కుంటూ నా ఆఫీసుకే వస్తాడు. వాళ్ళకు తాండూరులో నువ్వున్నావని తెలియదని అమ్మ అంటోంది, అది నిజమని అనుకోవడమే మనం చేయగలిగింది. పోలీసు స్టేషన్‌కు అంకిత పోయింది. రేపు పొద్దున మీ ఇంటికి వచ్చి నిరోషాను ఆసుపత్రికి తీసుకుపోతుంది. కట్టు సరిగా వేయలేదు. సంజనకు అంతా చెప్పు. దాచడం మనకు చేతకాదని తేలింది కదా. అమ్మను మాత్రం ఏమీ అనకు.

రైలు వస్తోందని చెప్తున్నారు. నేను కూడా తాండూరు దాకా వస్తానన్నాను. అమ్మ లేచి నా ముందుకు వచ్చింది. మా పెళ్ళైన నాటి నుంచి మొదటిసారి నా మొహంలోకి చూసి మాట్లాడింది.

"నువ్వు పో అల్లుడా. ఆడ ఫోన్ మోగుతుంటదేమో. ఎత్తేటోళ్ళు లేరు."

పోతున్నాను.

నీ బావ,
రామచందర్