వై అనే అక్షరం

అమలాపురం, 1989
శుక్రవారం రాత్రి

కంప్యూటర్ పరీక్ష పోయింది. ఇన్నేళ్లుగా ఆఫీసులో టైపు కొడుతున్న నాకు ఒక్క అక్షరం దగ్గర పోయింది.

మనిషి కీబోర్డు మీద ఇంగ్లీషు 'వై' నొక్కితే లెక్క ముందుకు సాగాలి, ఇంకేది నొక్కినా ఆగాలి. అంతే ప్రోగ్రాం. నేనెన్నిసార్లు వై నొక్కినా ఆగిపోతూనే ఉంది. టైం అయిపోయాక, ఆఫీసు వాళ్లు పెట్టించిన కోర్సు చెప్పే పద్మజ వచ్చి పక్కన కూర్చుంది.

"వై చుట్టూ జంట కొటేషన్లు పెట్టేరండీ. అలా పెడితే స్ట్రింగండీ, అంటే మాట. ఒంటి కొటేషన్లో పెడితేనే అక్షరం."

"లోపలున్నది ఒక్క వైయే కదమ్మా?"

"మనకి కనపడేది ఒక్కటేనండీ. మాట అయిపోయిందని మిషను దాని చివర ఇంకో గుర్తు పెట్టుకుంటుంది. అందుకే రెండూ ఒకటి కావండీ."

నిజంగానే అర్థమైంది. మనకి 'రా' అంటే అక్షరమూ అదే, మాటా అదే. పిలిస్తే మనిషి వచ్చేస్తాడు. ఆ అలవాటుతోనే ఇంత వయసొచ్చింది నాకు.

సాయంత్రం సూపరింటెండెంటు గారు పిలిచారు. "సుగుణమ్మ గారూ, సోమవారం నుంచి మీ సీట్లో సత్యవతి గారు కూర్చుంటారండి. మీరు టపా సెక్షన్లో కవర్లు అంటించండి, చాలు."

"ఇప్పుడు అర్థమైందండీ. ఇంకోసారి రాస్తాను."

ఆయన ఫైల్లోంచి తలెత్తలేదు.

నాతోపాటే కోర్సు చదివి పాసైన సత్యవతి, బస్టాండు దాకా నా పక్కనే నడిచింది.

"పరీక్ష మళ్లీ పెడతారులెండి, అక్కగారూ."

"ఆయ్" అని తలూపాను.

పెట్టరని తనకీ తెలుసు.