తొడ కండరం మందమెక్కినందున వంతెన తిరిగి ఇప్పించమని

ఫ్రీస్లాండ్, ఏప్రిల్ 11

శ్రీయుత వాన్ టెల్లింగన్ గారి సముఖమునకు,
కాలువల, వంతెనల అధికారి వారు.

అయ్యా,

విషయం: కుడి తొడ కండరం మూడున్నర మిల్లీమీటర్లు మందమెక్కినందున, తిప్పుడు వంతెన ఉద్యోగం తిరిగి ఇప్పించుట గురించి.

ఫ్రౌక్యా వియార్డా, వయస్సు అరవై ఒకటి, తమ కార్యాలయపు టెలిఫోను గుమాస్తా, మిక్కిలి వినయముతో చేసుకొను మనవి ఏమనగా:

1. నేను ఇరవై రెండేళ్ళు మా ఊరి తిప్పుడు వంతెనకు కాపరిగా పనిచేసితిని. పడవ వచ్చినప్పుడు ఇనుప కమ్మీని వంతెన మీది గుంటలో దించి, దానికి పొట్ట ఆనించి, అరచుట్టు నడుస్తూ వంతెనను పక్కకు తోయడం ఆ పని. అది చేతుల పని అని కార్యాలయంలో అందరూ అనుకుంటారు. కాదు. కాళ్ళ పని.

2. ఆరేళ్ళ క్రితం నాకు రుమటాయిడ్ కీళ్ళవాతం వచ్చినది. మందులకు వాపు లొంగింది, వంకరపోయిన వేళ్ళు మాత్రం లొంగలేదు. కిందటి జూన్‌లో ఒక ఎత్తు తెరచాప పడవ వచ్చినప్పుడు వంతెన సగం తిరిగాక నా కాళ్ళు మొరాయించినవి. అటు రోడ్డూ లేదు, ఇటు కాలువా లేదు. ఒక ట్రాక్టరు, ఇద్దరు పోస్టుమన్లు, ఒక పెళ్ళివారి కారు పావుగంట నిలబడిపోయారు. చివరికి పడవవాళ్ళే దిగి తోశారు. తదుపరి తమ వైద్యుడు నా చేతులు రెండూ తిప్పి చూసి, పనికి అనర్హురాలని వ్రాసినాడు. మోకాలి పైన ఏముందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

తమరు దయతో నన్ను టెలిఫోను దగ్గర కూర్చోబెట్టినారు. కుర్చీ మంచిదే. దానికి చక్రాలున్నవి. కాని ఆ కుర్చీలో కూర్చుని పడవవాళ్ళకు రోజంతా "ఆ వంతెన ఇప్పుడు తెరవరండీ" అని చెప్పవలసి వచ్చినది. అయ్యా, అది నా వంతెన. ఇప్పుడు పక్క ఊరి హిన్నె సైకిలు మీద తిరుగుతూ మూడు వంతెనలు చూసుకుంటున్నాడు. మంచివాడు, కాని అతనికి ఉన్నవి రెండు చక్రాలే.

3. నవంబరులో మా ఆసుపత్రి వారు కీళ్ళవాతం ఉన్నవాళ్ళ కండరాలు ఎలా ఉన్నాయో అల్ట్రాసౌండ్‌తో చూస్తున్నారని తెలిసి నేనూ పేరిచ్చినాను. ఇమ్కె అనే అమ్మాయి నా తొడకు చల్లటి జెల్లీ రాసి, దాని మీద పరికరం ఆనించి, నా లోపలి సంగతి తెర మీద చూపించినది. తెరంతా తెల్లగా పొగమంచు.

"ఆ తెలుపు కండ కాదండీ," అన్నది ఇమ్కె. "మధ్యలో చేరిన కొవ్వూ, నారా. మంచి కండ నల్లగా కనిపిస్తుంది."

"జబ్బు తినేసిందా అమ్మాయ్?"

"కొంత జబ్బు తిన్నది. కొంత మీరు కూర్చుని పోగొట్టుకున్నది. ఆ రెండోది తిరిగి తెచ్చుకోవచ్చు."

కుర్చీ ఎవరు ఇచ్చినదీ నేను ఆమెకు చెప్పలేదని తమరు గమనించగలరు. ఆనాటి కొలత పదహారు మిల్లీమీటర్లు.

4. ఆ తరువాత ఐదు నెలలు ఆసుపత్రివారు నేర్పిన కసరత్తు చేసితిని. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, పూటకు నలభై సార్లు. లెక్క పెట్టడానికి నా భర్త డౌవాను నియమించుకున్నాను. ఆయన ముప్పై దాటాక కిటికీలోంచి బాతుల్ని చూసి లెక్క తప్పేవాడు, నేను మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేదాన్ని. కనుక పైన నలభై అని ఉన్నచోట డెబ్బై అని చదువుకోవలెను. వీపున బంగాళాదుంపల సంచీతో కాలువ కట్ట ఎక్కి దిగడం కూడా కలదు.

కిందటి బుధవారం మళ్ళీ చూశారు. పంతొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. నలుపు, అయ్యా! వాన వెలిసిన మర్నాడు కాలువ గట్టు మట్టి ఎలా నిగనిగలాడుతుందో అలా ఉంది నా తొడ. ఇమ్కె రెండోసారి కొలిచింది. మూడోసారి నేను అడిగి కొలిపించాను. తరువాత ఆమెను ముద్దు పెట్టుకున్నాను. జెల్లీ ఇద్దరికీ అంటింది.

5. ఈ క్రింది సంగతి అర్జీలో చేర్చరాదని డౌవా అభిప్రాయం. అయినను చేర్చుచున్నాను. ఆసుపత్రివారు ఇచ్చిన తొడ బొమ్మ కాగితం పట్టుకుని తిన్నగా రొట్టెల దుకాణానికి వెళ్ళాను. దుకాణం నడిపే సాప్కె దాన్ని చూసి కళ్ళు పెద్దవి చేసి, "ఎన్ని నెలలే?" అని అడిగింది.

"ఐదు నెలలు," అన్నాను.

"ఎవరికి?"

"నాకే."

నేను కసరత్తు గురించి చెప్పాననుకున్నాను. సాయంత్రానికి మా గడప మీద, పురిటి ఇంటికి పంపినట్లు, సోంపు మిఠాయి చల్లిన రస్కులు నాలుగు పళ్ళేలు వచ్చిపడ్డాయి. తలుపు తీసిన డౌవాను పక్కింటాయన కౌగలించుకుని, ఈ వయసులో గట్టివాడివే అన్నాడట. "నాదేముంది," అన్నాడట డౌవా, "కష్టమంతా ఆవిడదే. నేను ఊరికే లెక్కపెట్టాను." ఈ మాట ఊరు దాటి ఎంత దూరం పోయిందో తెలియదు. తమ చెవిన పడి ఉంటే అది తొడేనని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.

6. నిజం దాచను. వేళ్ళు బాగుపడలేదు, పడవు. వంతెన తాళంలోని సన్నటి చీలను తీయలేను. దాని బదులు మోచేత్తో నొక్కగలిగే పొడుగు పిడి పెట్టించమని ప్రార్థన. ఉదయం పూట కీళ్ళు బిగుసుకుని ఉంటాయి కాబట్టి తొమ్మిదికి ముందు హిన్నె, తరువాత నేను. అతను ఒప్పుకున్నాడు. మరీ తొందరగా ఒప్పుకున్నాడు కూడా.

కావున తమరు స్వయంగా దయచేసి, గడియారం చేతబట్టుకుని, నేను వంతెన తిప్పడం చూడవలెను. మధ్యలో ఆగితే ఆ చక్రాల కుర్చీకే తిరిగిపోయి ఇక ఈ విషయమై అర్జీ పెట్టను. ఆగకపోతే వంతెన నాది. రెండు బొమ్మలు జతపరచడమైనది. నల్లగా ఉన్నది కొత్తది. తలకిందులుగా చూసినా నల్లగానే ఉంటుంది. ఈ మనవిని, వీలైతే లేచి నిలబడి, చిత్తగించవలెనని కోరుతూ,

తమ విధేయురాలు
ఫ్రౌక్యా వియార్డా

తా.క. దీన్ని పోస్టు చేయబోతుండగా వంతెన దగ్గర ఆవుల అరుపులు వినిపించాయి. రైతు విబ్రెన్ శీతాకాలమంతా కొట్టంలో ఉన్న పదకొండు ఆవులను వెడల్పాటి పడవ ఎక్కించి, అవతలి దీవి మేతకు తీసుకుపోతున్నాడు. తలలు వంతెనకు తగిలేటట్లు ఉన్నాయి. హిన్నె సైకిలు ఎక్కడో పంక్చరు.

"నువ్వు తిప్పకూడదటగా ఫ్రౌక్యా," అన్నాడు విబ్రెన్.

"తిప్పకూడదు," అన్నాను. "నువ్వు అటు చూడు."

చీల అతనే లాగాడు, అటు చూస్తూనే. కమ్మీకి పొట్ట ఆనించి నడిచాను. కదిలింది, అయ్యా. సగానికొచ్చాక కాళ్ళు ఏమంటాయోనని చూశాను. ఏమీ అనలేదు. నడుస్తూనే ఉన్నాయి. పడవ దాటింది. దీవిలో దిగిన ఆవులు పచ్చిగడ్డి చూసి, అంతంత శరీరాలతో, నాలుగు కాళ్ళూ గాల్లోకి ఎత్తి గంతులు వేశాయి.

అనుమతి లేకుండా ప్రభుత్వ వంతెన తిప్పినందుకు ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటాను. గట్టు మీద నేనూ గంతు వేశాను. అందుకు మాత్రం తమ నిబంధనల్లో శిక్ష ఉండదనుకుంటాను.