దించిన దద్సన్‌ను మళ్ళీ ఎత్తరాదు

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం దగ్గర పల్లెలో పుట్టి, ప్రస్తుతం సౌదీ అరేబియాలోని ఖమీస్ ముషైత్‌లో కాపురముంటూ, ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తున్న నేలపూడి సుందరి అనే నేను, కీర్తిశేషులు దానం గారి భార్యను, స్వహస్తాలతో వ్రాస్తున్న వీలునామా. నా మతి స్థిరంగా ఉంది. మా మరిది స్టాన్లీ లేదంటాడు గనుక, ముందే డాక్టరు చేత పరీక్ష చేయించుకొని ఆ కాగితం దీనికి జతపరిచాను. ఇది వ్రాయమని గాని, వ్రాయవద్దని గాని నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. పెట్టినా సాగేది కాదని నా వాళ్ళందరికీ తెలుసు.

వచ్చే ఆదివారం నాకు గుండె ఆపరేషన్. దాని నుంచి నేను లేవని పక్షంలో ఈ కింది ఏర్పాట్లు అమలు కావాలి. అమలు చేసే బాధ్యతను నా తోటి నర్సు షైనికి అప్పగిస్తున్నాను. ఆమె మెత్తగా మాట్లాడుతుంది, కాని మాట మార్చదు.

1. ఊళ్ళోని ఇల్లు, దాని చుట్టూ ఉన్న ఖాళీ స్థలం నా స్వార్జితం. అవి నా ఏకైక కుమారుడు నోయెల్‌కు సర్వహక్కులతో చెందుతాయి. ఇందులో ఎవరికీ వివాదం లేదు.

2. వివాదమంతా బండి గురించే. అది పాత దద్సన్ పికప్. ఇక్కడివాళ్ళు పికప్ ఏదైనా దద్సన్ అనే అంటారు, మాది మాత్రం నిజంగా ఆ కంపెనీదే. మా ఆయన కూరగాయల వ్యాపారి దగ్గర దాన్నే తోలేవాడు. బండి ముసలిదయ్యాక యజమాని దాన్ని ఆయనకే ఇచ్చేశాడు. తరువాత అబహా రోడ్డులో మరొక బండిలో వెళుతుండగా జరిగిన ప్రమాదంలో మా ఆయన ఎడమకాలు తొడ దాకా పోయింది.

స్టాన్లీ జిద్దా నుంచి వచ్చి, "వదినా, అన్నయ్యని ఎగ్జిట్ కొట్టించి ఊరికి పంపేద్దాం. అక్కడైతే మంచం మీద పడుంటాడు, నీకూ శ్రమ తప్పుద్ది" అన్నాడు. మంచం మీద పడి ఉండటానికి నేను ఆయన్ని బతికించుకోలేదు. ఎన్ని ఆఫీసులు తిరగాలో అన్నీ తిరిగి, నా ఇకామా, అంటే నివాస కార్డు, మీదనే ఆయన్ని ఇక్కడ ఉంచుకొన్నాను. ఇక్కడ ఆడవాళ్ళకు లైసెన్సులు వచ్చాక తోలడం నేర్చుకొన్నాను. బండి రిజిస్ట్రేషన్ కాగితం, ఇస్తిమారా, కూడా నా పేరుకు మార్పించుకొన్నాను.

కాని మా ఆయన దద్సన్ ఎక్కలేకపోయేవాడు. చక్రాల కుర్చీ కంటే బండి సీటు చాలా ఎత్తు. ప్రతిసారీ ఇద్దరు మగవాళ్ళు వచ్చి ఆయన్ని మూటలా ఎత్తి లోపల పెట్టాలి. అలా ఎత్తుతున్నంతసేపూ కళ్ళు మూసుకొనేవాడు. చివరికి, "నువ్వెళ్ళిరా సుందరీ, నాకు ఎక్కడికీ రాబుద్ధి కావట్లేదు" అనడం మొదలుపెట్టాడు. ఆ మాట విన్న రోజున బండిని కిందికి దించాలని నిశ్చయించుకొన్నాను.

సనాయియాలో, అంటే షెడ్లన్నీ ఉండే పేటలో, ఒక్కరూ ఒప్పుకోలేదు. "మీ మగవాళ్ళని పంపండి" అన్నారు. పెషావర్ నుంచి వచ్చిన మెకానిక్ జమాలుద్దీన్ మాత్రం చాలాసేపు నవ్వి, "బాజీ, ఈ దేశంలో అందరూ దద్సన్‌ను పైకి లేపించుకుంటారు. దించేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు. చెయ్యనన్నాడు గాని ఎలా చెయ్యాలో చెప్పాడు. జాకీ మీద ఉన్న బండి కింద దూరవద్దని, ఇనుప స్టాండ్లు పెట్టాకే దూరాలని ఒట్టు వేయించుకొని, ఆ స్టాండ్లు తనే ఇచ్చాడు.

ముందువైపు సులువుగానే దిగింది, బోల్టులు తిప్పితే చాలు. కష్టమంతా వెనకే. మా బండికి వెనక ఇరుసు కమాన్‌కట్టల మీద కూర్చుని ఉంటుంది. ఇరుసుకూ కట్టలకూ మధ్య దిమ్మెలు పెట్టి, పొడుగాటి యూ-బోల్టులతో బిగిస్తే, ఇరుసు పైకి జరిగి బండి కిందికి దిగుతుంది. చెప్పడానికి ఇంతే. తుప్పు పట్టిన పాత బోల్టులు ఊడదీయడానికే నా సెలవు రోజులన్నీ అయిపోయాయి. మొదట చెక్క దిమ్మెలు పెట్టాను. వీధి చివర స్పీడ్ బ్రేకర్ దగ్గరే చీలిపోయాయి. జమాలుద్దీన్ ఈసారి నవ్వకుండా ఇనుప దిమ్మెలు కోయించి తెచ్చి ఇచ్చాడు.

నేను పెరట్లో బండి కింద పడుకొని ఉంటే మా ఆయన కుర్చీలో కూర్చుని స్పానర్లు అందించేవాడు. స్టాన్లీ వీడియో కాల్‌లో చూసి, "ఆడమనిషివి బండి కింద పడుకోడమేంటి వదినా, ఊళ్ళో చర్చిలో మా పరువేం కావాలి?" అన్నాడు. నా కాళ్ళు తప్ప ఇంకేమీ కనబడలేదు కదా, పరువు కాళ్ళలో ఉందేమో చూసుకోమన్నాను. మా ఆయన ఎంతో కాలం తరువాత పగలబడి నవ్వింది ఆ రోజే.

బండి రోడ్డుకు పనికొస్తుందో లేదో చూసే తనిఖీ కేంద్రం వాళ్ళు మొదటిసారి తిప్పి పంపారు. షాకబ్జర్లు పొడుగై కింద తగులుతున్నాయన్నారు. న్యాయమే. పొట్టివి వేశాను. రెండోసారి అక్కడి ఉద్యోగి బండి కింద లైటు వేసి చూసి, ఏ షెడ్డులో చేయించావని అడిగాడు. "అనా" అన్నాను, నేనే అని. అతను మళ్ళీ వంగి చూశాడు. తరువాత ముద్ర వేశాడు.

మరునాడు కుర్చీని తలుపు పక్కకు తెచ్చి, అలవాటుగా మా ఆయన చంకల కింద చేతులు పెట్టబోయాను. "చెయ్యెయ్యకు" అన్నాడు. సీటు అంచు పట్టుకొని, ఒక్క ఊపుతో తనంతట తనే జరిగి కూర్చున్నాడు. తలుపు వేసుకొన్నాడు. అద్దం దించి, మోచెయ్యి బయట పెట్టి, "ఏంటి చూస్తావ్, తోలు" అన్నాడు. ఆ సాయంత్రం సూదా కొండ మీద మబ్బుల్లో ఆగి టీ తాగాము. ఆయన పోయేదాకా ఏ శుక్రవారమూ మేము ఇంట్లో కూర్చోలేదు.

ఇప్పుడు స్టాన్లీ, జిద్దా షరఫియాలో ఎవరో పాత బండ్ల పిచ్చివాణ్ణి పట్టుకొన్నాడు. దిమ్మెలు తీసేసి, పాత ఎత్తుకు లేపి, ఒరిజినల్‌గా ఇస్తే కొంటాడట. నోయెల్ కూడా తను పనిచేసే హుఫూఫ్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఒరిజినల్‌గా ఉంటేనే దానికి విలువ" అన్నాడు. నాన్నా, ఒరిజినల్‌గా ఉన్నప్పుడు మీ నాన్న దాంట్లో కూర్చోలేకపోయాడు.

కాబట్టి ఇందుమూలంగా నిశ్చయంగా తెలియజేయునది: సదరు దద్సన్, దిమ్మెలతో సహా, ఇప్పుడున్న ఎత్తులోనే, జగిత్యాల దగ్గరి నుంచి వచ్చిన అంజన్నకు చెందుతుంది. సెంట్రింగ్ మీద నుంచి పడి నడుము విరిగి మా వార్డులో ఉన్న మనిషి. ఇప్పుడు సామాన్ల దుకాణంలో డ్రైవరు. పెడల్ తొక్కగలడు, ఎత్తు బండి ఎక్కలేడు. దుకాణం బండి ఎక్కడానికి రోజూ స్టూలు వేసుకుంటాడు. ఒకనాడు మా బండిలో ఎక్కించుకొంటే, ఎక్కి కూర్చుని, దిగి, మళ్ళీ ఎక్కి చూసుకొన్నాడు. "అమ్మా, గీ బండి ఎక్కుతుంటె నాకు నడుము యాదికి రాలే" అన్నాడు. ఇది జాలితో ఇస్తున్నది కాదు. ఆ బండి అలాంటివాళ్ళ కోసమే దిగింది. ఎవరైనా దాన్ని తిరిగి ఎత్తబోతే షైని అడ్డుకోవాలి.

3. స్టాన్లీకి బండిలో ఒక్క బోల్టంత హక్కు కూడా లేదు. వాళ్ళ అన్నయ్య నీలం స్వెట్టరు మాత్రం అతనికి చెందుతుంది. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరికీ ఒకటే స్వెట్టరు ఉండేదట, చలి రోజుల్లో దాన్ని తమ్ముడికే తొడిగేవాణ్ణని మా ఆయన చెప్పేవాడు. ఇది కూడా అతనికే సరిపోతుంది.

4. జమాలుద్దీన్ దీనికి సాక్షి గనుక ఇందులో ఆయనకు ఏమీ వ్రాయకూడదట. అందుకే నా పనిముట్లన్నీ నిన్ననే ఆయన షెడ్డులో ఇచ్చి వచ్చాను. వద్దన్నాడు. వినలేదు.

5. ఆదివారం నన్ను ఆస్పత్రిలో దింపడానికి నోయెల్ సెలవు పెట్టి వస్తానన్నాడు. రా నాన్నా, పక్క సీటులో కూర్చో. బండి నేనే తోలుతాను. తిరిగి వచ్చేటప్పుడు కొన్ని వారాలు స్టీరింగ్ ముట్టవద్దని డాక్టర్లు చెబుతారు. ఆ మాట ఎంతోమంది రోగులకు నేనే చెప్పాను. ఎన్ని వారాలన్నది అప్పుడు చూసుకుందాం.

ఇది నా సమ్మతిన వ్రాసిన వీలునామా. ఇదివరకు నోటితో ఎవరికేమి చెప్పినా, ఇకపై ఇదే చెల్లుతుంది.

ఖమీస్ ముషైత్, 14 నవంబరు 2024, గురువారం.

(సంతకం) నేలపూడి సుందరి

సాక్షులు:
1. జమాలుద్దీన్, మెకానిక్, సనాయియా, ఖమీస్ ముషైత్
2. వీణ, స్టాఫ్ నర్సు, ఖమీస్ ముషైత్